మానేశావా ఏంటి: ప్రతిపదార్థ తాత్పర్య సహితము

మూలం

ఏమే అమ్మడూ, తలకి రంగెయ్యడం మానేశావా ఏంటి? మీ అమ్మకంటే నువ్వే పెద్దదానిలా ఉన్నావు. నీ మంచికే చెప్తున్నా.

అవతారిక

పెళ్ళిలో రెండో బంతి కూర్చుంది. పప్పు వచ్చింది, వేపుడు వచ్చింది, పులుసు రావాలి. ఆ ఖాళీలో ఎదుటి వరుస నుంచి ఒక పిన్ని తన అక్క కూతురి నడినెత్తి చూసి ఆశువుగా చెప్పిన వచనమిది. కవయిత్రి పేరు చెప్పం. ప్రతి వంశంలోనూ ఒకరుంటారు గనక చదువరులు ఎవరికి వారు పూరించుకోగలరు.

ప్రతిపదార్థం

ఏమే = ఓ సోదరీపుత్రీ; అమ్మడూ = నలభై ఆరేండ్లు నిండినదానా; తలకి = శిరోజములకు, అనగా నాది కాని తలకు; రంగెయ్యడం = నెలకొక ఆదివారము పాత తువాలు భుజములపై కప్పుకొని, తలుపు గడియ వేసుకొని చేయు కర్మను; మానేశావా ఏంటి = మానితివని కన్నులారా కనుచుండియు అడుగుచున్నాను; మీ అమ్మకంటే = నా అక్కగారికంటెను; నువ్వే = మరెవ్వరును కాక నీవే; పెద్దదానిలా ఉన్నావు = వృద్ధురాలివలె కనబడుచున్నావు; నీ మంచికే = నాకు ఊసుపోవుటకు కాదు సుమా; చెప్తున్నా = వడ్డించువారికి సైతము వినబడునట్లు పలుకుచున్నాను.

తాత్పర్యం

నీ తల నెరిసింది. అది నేను చూశాను. నేను చూశానని అందరికీ తెలియాలి.

విశేషాలు

‘అమ్మడూ’ తర్వాత యతి. అక్కడ చూపు పాపిట మీద ఆగుతుంది. ప్రాస లేదు, ప్రయాస ఉంది. ఉపమానం కంటే ఉపమేయాన్ని మించినదిగా చెప్పడం వల్ల అలంకారం వ్యతిరేకం. మించింది వయసులోనే అయినా లక్షణం సరిపోయింది. ఉపమానమైన ఆ తల్లి మొన్న గురువారమే రంగు వేసుకుందనీ, ఆ ప్యాకెట్టు తెచ్చిపెట్టింది ఈ కవయిత్రేననీ వృద్ధులు చెబుతారు.

నెరుపును గురించి కావ్యాల్లో ఇంతకంటే మర్యాదైన మాట ఉంది. రఘువంశం పన్నెండో సర్గలో ముసలితనం నెరిసిన వెంట్రుక వేషంలో దశరథుడి చెవి మొదట్లోకి వచ్చి, రాజ్యం రాముడికి అప్పగించమని చెబుతుంది. అదీ కైకేయి వింటుందేమోనన్న జంకుతో చెప్పినట్టుగా. ముసలితనమంతటిది చెవిలో చెప్పిన సంగతిని పిన్ని బంతి మధ్యలో చెప్పింది.

ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి మనవాడే, మెదకు సీమలోని కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. పిన్నికి ఈ రెండో నియమం తెలియదు. మొదటిదాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించింది: తెల్లదనం మూలంలోనే కనబడింది. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. కుదుళ్ళలో మెలనిన్ తయారుచేసే కణాలు పని మానేస్తే కొత్త వెంట్రుక తెల్లగానే పుట్టుకొస్తుంది. అందుకే రంగు ఎంత గట్టిదైనా నాలుగైదు వారాల్లో పాపిట తెల్లబడుతుంది. నెలనెలా ఈ తద్దినం ఎందుకని ఒకరు మానేస్తారు. మాడు దురద పెట్టి ఇంకొకరు మానేస్తారు. ఏ కారణమూ లేకుండా మానేసేవాళ్ళూ ఉంటారు. ఆ కారణలోపం దోషం కాదు.

పాఠాంతరం

‘మానేశావా ఏంటి’ అనేచోట ‘ఈ వయసులో రంగులేంటి’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. రంగు వేసుకున్న తలల ముందు ఈ పాఠమే చదువుతారు. కర్త ఒకరే, బంతీ అదే. రెండూ సాధుపాఠాలే అంటే ఈ వచనానికి విషయం జుట్టు కాదని తేలుతోంది. నెరిసిన మగతలకు ఏ ప్రతిలోనూ పాఠం దొరకలేదు. 2011లో తమిళ సినిమా మంకాత్తాలో హీరో అజిత్ నెరిసిన జుట్టుతో కనిపిస్తే సాల్ట్ అండ్ పెప్పర్ అని ముద్దుగా పిలుచుకున్నాం.

పూర్వపక్షం

“దేవుడిచ్చిన రూపం మార్చుకోకూడదు కదా?” అని ఒకరు. తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్ళు గుండు చేయించుకుని వస్తారు, మూడు కత్తెర్లు ఇచ్చి వస్తారు. ఏ పిన్నీ ‘మీ అమ్మకంటే’ అనదు, పైగా దణ్ణం పెట్టి ప్రసాదం అడుగుతుంది. అదే తల ఊళ్ళో సెలూన్‌లో పొట్టిగా కత్తిరించుకుంటే వచనం మొదలవుతుంది. కాబట్టి ఈ ఆక్షేపణ నిలవదు.

రెండో ఆక్షేపణ నవీనులది, కాస్త గట్టిది. ఉన్న ఒంటిని ఉన్నట్టు ప్రేమించాలి, రంగు వేసుకోవడమంటే లోకానికి లొంగిపోవడమే అంటారు వీళ్ళు. మొదటి సగం ఒప్పుకుంటాం. ఒంటిని చూసి సిగ్గుపడమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. రెండో సగం మాత్రం పిన్ని వచనమే, వేదిక మారిందంతే. యాభై దాటి ఉద్యోగం పోయి, ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు మీసానికి రంగేసుకునేవాణ్ణి పట్టుకుని ఆత్మగౌరవం లేదంటే ఎలా? నల్లగా ఉంటే బాగుందని వేసుకునేవారి సంగతేంటి? ఈ ఏడు మానేసినావిడకే వచ్చే దసరాకి నీలం రంగు వేయించుకోవాలనిపిస్తే, ఆ తలకు యజమాని మారిపోదు.

సిద్ధాంతం

వేసుకున్నా మానుకున్నా సంజాయిషీ అక్కర్లేదు. ఆ రోజు అక్క కూతురు “అవును పిన్నీ, మానేశాను. పులుసొచ్చింది, వేయించుకో” అంది. ఇదే ఉత్తమమైన ప్రతివచనం.

అడక్కపోయినా చెప్పదగ్గ సలహా ఒక్కటి ఉంది, అది కూడా వేసుకునేవారికే. చాలా నల్లరంగుల్లో పారాఫినైలిన్ డయమైన్ ఉంటుంది, కొందరికి అది పడదు. పెట్టె మీది హెచ్చరిక చదివి, 48 గంటల ముందు కొంచెం మోచేతి మడతలో రాసి చూసుకోండి. కనుబొమలకూ రెప్పలకూ మాత్రం వేయకండి, చూపు పోయే ప్రమాదముంది.