లొల్లి యగును: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఈదవలయు మొదట నేటి నీటను, గట్టు
నెక్కి తొక్కవలయు నెండఁ బండి;
పరుగులిడగవలయుఁ బదియేడు గంటల
లోన ముగియకున్న లొల్లి యగును.

అవతారిక

నరసింహ శతకకర్త శేషప్పకవి ధర్మపురివాడు. తన స్వామిని సీసపద్యాలతో నిలదీసినవాడు. ఆ ఊరి యువకుడొకడు మొదటిసారిగా దీర్ఘదూర ట్రయథ్లాన్‌కు పేరిచ్చి, రుసుము కట్టి, ఆ మీదట ఇంట్లో చెప్పిన సందర్భాన్ని ఊహించి కట్టిన పై పద్యానికి ఆటవెలదియే తగును, ఏలనంటే అంత దూరం పోయివచ్చినవానికి సీసం చదివేటంత ఊపిరి మిగలదు. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు అనే మూడింటినీ గడియారం ఆగకుండా ఒకదాని వెంట ఒకటిగా ముగించే పోటీ. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన దాని పొట్టి రూపం 1.5, 40, 10 కిలోమీటర్లు కాగా, ఐరన్‌మ్యాన్ అని పేరుపడిన పొడుగు రూపం వరుసగా 3.8, 180, 42.2 కిలోమీటర్లు.

ప్రతిపదార్థం

ఏటి నీటను = గోడలు, గీతలు లేని తెరపి నీటిలో; గట్టు నెక్కి = ఒడ్డు చేరి, తడిబట్టలతోనే; బండి = సైకిలు (మోటారుబండి అనే అర్థం నిర్వాహకులకు సమ్మతం కాదు); పదియేడు గంటల లోన = ఉదయం ఏడింటికి నీట దిగినవాడు అర్ధరాత్రి పన్నెండు లోపల; లొల్లి = దీనికి ప్రత్యేక వివరణ కలదు.

టీక

'ఈదవలయు' అన్న క్రియ చూడడానికి తేలిక. ఉత్తర తెలంగాణ పల్లెల్లో నడుముకు బెండో, ఎండిన సొరకాయో కట్టుకొని వ్యవసాయ బావిలో ఈత నేర్చినవారికి కొదవ లేదు గనుక, ఈ భాగానికి అభ్యాసం అక్కర లేదని పూర్వపక్షం. అది నిలవదు. బావి ఈత మునగకుండా ఉండడమూ, గట్టు మీది నుంచి దుంకడమూ నేర్పుతుందే గాని, ముఖం నీటిలో ఉంచి, పక్కకు తిరిగి ఊపిరి తీసుకుంటూ, కొన్ని బారలకొకసారి కళ్లెత్తి దారి గుర్తుగా తేలే బుంగను చూసుకుంటూ, సాధారణంగా రెండు గంటల ఇరవై నిమిషాల గడువులో 3.8 కిలోమీటర్లు సాగడాన్ని నేర్పదు. యాభై మీటర్ల కొలనులో అది డెబ్బై ఆరు నిడివులు. ఇంటి ముందే గోదావరి ఉండగా కొలను ఎందుకన్న ప్రశ్న రావడం సహజమే అయినా, ధర్మపురి దగ్గర దక్షిణాభిముఖంగా పారే ఆ నది ఎండకాలం రాళ్ల మధ్య మడుగులుగా చీలుతుంది, వానకాలం ఎగువన శ్రీరాంసాగర్ గేట్లెత్తితే ఒక్కసారిగా పొంగుతుంది. ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదన్న లోకోక్తికి ఆధారంగా అక్కడ యమధర్మరాజుకు ఆలయమే ఉన్నది. ఆ అభయం ఒంటరి ఈతకు వర్తిస్తుందని మాత్రం ఏ స్థలపురాణ వ్యాఖ్యాతా చెప్పడు.

'తొక్కవలయు' అన్నచోట 180 కిలోమీటర్లంటే ధర్మపురి నుంచి జగిత్యాలకు సుమారు మూడుసార్లు పోయి రావడమని గ్రహించాలి. "బస్సుండంగ సైకిల్ మీద పోవుడేంది బిడ్డా?" అని ఇంటి పెద్దలు లేవదీసే ఆక్షేపానికి శాస్త్రంలో సమాధానం లేదు. ముందువాని వెనుక గాలిచాటున నక్కి తొక్కడం దీర్ఘదూర పోటీల్లో నిషిద్ధం కనుక గాలి నంతటినీ ఎవరికివారే మోయాలి. అభ్యాసకాలంలో ఇంకొక చిక్కు ఉన్నది: కోతలైన నెలల్లో రైతులు వడ్లూ మక్కలూ రోడ్డు మీద ఆరబోస్తారు, మిగిలిన సగం రోడ్డు లారీలది. ధాన్యం మీద చక్రం పోనిచ్చిన క్రీడాకారునికి ఏ పతకమూ రక్ష కాదు.

'పరుగులిడగవలయు' అన్నది సుమారుగా ధర్మపురి నుంచి కొండగట్టుకు పోయేంత దూరం. హనుమాన్ దీక్ష పట్టినవారు కొండగట్టుకు కాలినడకన పోవడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. కాని వారు సైకిలు దిగీ దిగగానే బయలుదేరరు. తొక్కిన తొడలతో వెంటనే పరుగెత్తితే మొదటి కిలోమీటర్లలో కాళ్లు మొద్దుల్లా కదులుతాయి కాబట్టి, ఆ రెండింటినీ జతచేసి చేసే అభ్యాసానికి క్రీడాకారులు 'ఇటుక' అని పేరు పెట్టుకున్నారు. దారిలో గంటకు అరవై నుంచి తొంభై గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలన్నది నేటి పోషణశాస్త్రపు మాట. ఆ తినడాన్ని కూడా ముందే అలవాటు చేసుకోవాలి.

ఇక లొల్లి, అంటే గొడవ. ఐరన్‌మ్యాన్ పుట్టుకే లొల్లి. ఈతగాళ్లు, పరుగువీరులు, సైకిలువారు వీరిలో గట్టివారెవరన్న వాదం తీర్చడానికి అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ, హవాయిలో అప్పటికే ఉన్న మూడు పరీక్షలను ఒక్కటిగా కుట్టారు. 1978 ఫిబ్రవరి 18న ఓవాహూ దీవిలో పదిహేనుమంది దిగితే పన్నెండుమంది ముగించారు; గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో మొదటివాడయ్యాడు. వాదం మాత్రం తీరలేదు.

తాత్పర్యం

ఈది, తొక్కి, పరుగెత్తి, వేళకు ముగించవలెను.

విశేషం

పద్యంలో పెద్ద దోషమొకటి ఉన్నది: కవి ఒక్క దినాన్ని వర్ణించి, దానికి ముందుండే ఆరేడు నెలలను విడిచిపెట్టాడు. హనుమాన్ దీక్ష గట్టిగా పట్టినా నలభై ఒక్క రోజుల మండలంతో తీరుతుంది. తొలిసారి ఐరన్‌మ్యాన్‌కు సిద్ధమయ్యేవానికి ఇరవైనాలుగు నుంచి ముప్పై వారాలు, అంటే నాలుగైదు మండలాలు కావాలి, ఆ మధ్యలో పెండ్లి పిలుపులూ, బతుకమ్మ, దసరా విందులూ వస్తూనే ఉంటాయి. రుసుము కట్టడం సంకల్పం కాదు. అది రసీదు మాత్రమే. సంకల్పమంటే తెల్లవారుజామున లేవడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం, ఆదివారం ఎవరింటికీ పోనందుకు చుట్టాలు అలగడం.

కనుక కొత్తవాడు సగం దూరంతో మొదలుపెట్టడమే యుక్తం. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో 1.9, 90, 21.1 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. ధర్మపురివానికి అదే ఎక్కువ. పేరిచ్చే ఆలోచన ఉన్న పాఠకుడు ముందు డాక్టరుకు గుండె చూపించుకొని, ఈత నేర్పే గురువునూ, నీళ్లలో తోడుండే మనిషినీ వెతుక్కొని, ఆ తరువాతనే రుసుము కట్టాలి. గోదావరిలోకి మాత్రం ఒంటరిగా దిగవద్దు.