రాధామనోహరాన్ని క్రమబద్ధీకరించండి మహాప్రభో!

పురపాలక సంఘ పట్టణ ప్రణాళికాధికారి గారి సముఖమునకు,

విషయం: ప్లాను లేకుండా మేడెక్కిన తీగ గురించి.

ఆర్యా,

గేటు పక్కన జానెడు చోటిస్తే మా రాధామనోహరం ప్రహరీ దాటి, పోర్టికో ఎక్కి, నీళ్ల ట్యాంకును చుట్టేసింది. పాతిక అడుగులు దానికో లెక్క కాదు. సెట్‌బ్యాక్ వదల్లేదు. నిచ్చెనా అడగలేదు: ఆకు రాలాక కాడ మొదలు ముల్లై మిగులుతుంది, దాన్నే కొక్కెంలా తగిలించుకుని పైకి పోతోంది. చాలదన్నట్టు వేళ్ల నుంచి పిలకలేసి పక్కింటివారి పెరట్లోనూ శంకుస్థాపన చేసింది.

తనిఖీకి వచ్చేవారికి ముందే మనవి. ఒకే పువ్వును చూసి సాయంత్రం వచ్చినాయన తెలుపని రాస్తారు, మర్నాడు వచ్చినాయన గులాబీ అంటారు, మూడోనాటి ఆయన ఎరుపంటారు. ముగ్గురూ నిజమే చెబుతారు. ఎవరికీ మెమో ఇవ్వకండి. రాత్రిళ్లు రాకపోకలున్నాయన్న ఫిర్యాదూ నిజమే. తెల్లపూల వాసనకు పొడుగు నాలుకల రెక్కల పురుగులు వస్తాయి. సన్నని పూగొట్టం అడుగున ఉన్న తేనె వాటికి అందుతుంది. రంగు తిరిగాక పగటి షిఫ్టు తేనెటీగలది, సీతాకోకచిలుకలది.

అపరాధ రుసుం గజాల లెక్కన వేస్తామంటే ఏ రోజు కొలుస్తారో చెప్పండి. వానాకాలంలో నిన్నటి కొలత ఇవాళ చెల్లదు.

కూలుస్తామంటారా? మహా సంతోషం. శ్లాబుకు నాలుగు చిల్లులు పొడిచి, ఫొటో తీసుకుని వెళ్లిపోయే కూల్చివేత మాత్రం వద్దు. పూత తగ్గాక గట్టిగా కత్తిరించాలి. ఇది పూసేది కొత్త కొమ్మల మీదే కనక మళ్లీ ఒత్తుగా విరగబూస్తుంది. కూల్చేకొద్దీ కళకట్టే అక్రమ కట్టడం మీ రికార్డుల్లో ఇంకోటి ఉందా?

మా వీధిలో సెట్‌బ్యాక్ మింగిన మేడలన్నీ రుసుం కట్టి సక్రమమైపోయాయి. వాటి నీడ కారు షెడ్డు దాటి బయటికి రాదు. దీని నీడలో ఇస్త్రీ బండి ఆగుతుంది, బడి పిల్లల ఆటో ఆగుతుంది. కాబట్టి దీన్నీ సక్రమమనండి. కరెంటు తీగల జోలికి పోనివ్వనని హామీపత్రం రాసిస్తాను. కత్తెర నా దగ్గరే ఉంది.

ఇట్లు,
తీగ తరఫున ఇంటిపన్ను కట్టేవాడు

జతపరచినది: ముదురు కొమ్మ ముక్క ఒకటి. లంచం అనుకోకండి. ఆఫీసు గోడ పక్కన, ఎండ తగిలేచోట గుచ్చండి. మీ భవనానికి అనుమతులున్నాయో లేవో అది అడగదు.