తాంబూలాదులు: టీకా తాత్పర్యం

మూలం: మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి నూతన వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన.

తెలుగునాట ఇంటింటికీ చేరి, ఎవరూ చదవని గ్రంథం శుభలేఖ. ముహూర్తం, హాలు పేరు చూసి పక్కన పడేస్తాం. పంచకావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ దగ్గరి కొల్చారం వాడంటారు గానీ, ఈ వాక్యం జోలికి ఆయనా రాలేదు. కనుక ప్రతిపదార్థం మనమే చెప్పుకోవాలి. మదర్పిత = నాచేత ఇవ్వబడిన; వడ్డించేది క్యాటరింగు వాళ్లు గనుక ఇక్కడ 'నాచేత' అంటే బిల్లు కట్టేవాడిచేత అని. చందన = గంధం; గుమ్మం దగ్గర పన్నీటి బుడ్డి పక్కన ఉంటుంది. తాంబూల = ఆకు, వక్క. ఆదులు = మొదలైనవి. రసమంతా ఈ చివరి మాటలోనే ఉంది. ముద్దపప్పు నుంచి గడ్డపెరుగు దాకా, లక్షలు ఖర్చయ్యే భోజనం మొత్తాన్ని కవి ఈ మూడక్షరాల్లో దాచేశాడు. ప్రతిపదార్థం అన్న మాట నిజంగా పదార్థాలకు వర్తించే చోటు సాహిత్యంలో ఇదొక్కటేనేమో!

ఇక్కడ పూర్వపక్షం: తాంబూలం భోజనానికి చివర వస్తుంది కదా, 'తాంబూలం మొదలుగా గలవి' అంటే ఆ తర్వాత చేతిలో పెట్టే రిటర్న్ గిఫ్టులే అవ్వాలి అని నవీనుల వాదం. వ్యాకరణానికి సరే గానీ లోకానికి కుదరదు. పెళ్లి నుంచి వచ్చినవాణ్ణి "స్టీలు డబ్బా ఎలా ఉంది?" అని ఎవరూ అడగరు, "భోజనాలెలా ఉన్నాయి?" అనే అడుగుతారు. కాబట్టి ఆదులు అంటే భోజనమే. భోజనమే అయినప్పుడు, మెనూ తేల్చుకున్నాకే హాలు వెతుక్కోవాలి. మనం చేసేది తలకిందులు. ముందు స్టేజీ చూస్తాం, ఏసీ చూస్తాం, కార్లు పట్టే జాగా చూస్తాం, అడ్వాన్సు ఇచ్చేస్తాం. ఆ తర్వాత గానీ వంటల మాట ఎత్తం. మటన్, బగారన్నం లేకపోతే పెళ్లే కాదనుకునే ఇంటివాళ్లు దేవస్థానం కల్యాణ మండపం మాట్లాడుకుంటే అక్కడ మాంసం వండనివ్వరు. విందు ఇంకోచోట పెట్టుకోవాలి, చుట్టాలను ఆటోల్లో తరలించాలి. బంతి భోజనాలే పెట్టాలనుకున్నవాళ్లు లెక్క కూడా చూసుకోవాలి. ఎనిమిది వందల మంది వచ్చే పెళ్లికి రెండు వందల మంది పట్టే డైనింగు హాలంటే నాలుగు బంతులు. బంతికి నలభై నిమిషాలు వేసుకున్నా, చివరి బంతి లేచేసరికి రెండున్నర గంటలు దాటుతుంది. ఈలోపు తింటున్నవాడి కుర్చీ వెనక నిలబడి, అతను పెరుగులోకి వచ్చాడా లేదా అని తొంగిచూసే ఆచారం ఎలాగూ ఉంది.

"అందుకేగా బఫే" అంటారు. నిజమే, కుర్చీ వెనక నిలబడే బాధ తప్పింది, వరసలో నిలబడే బాధ వచ్చింది. గోదావరి జిల్లాల పూర్ణం బూరెను తీసుకోండి. వేడిగా విస్తట్లో పడాలి, బొటనవేలితో నడినెత్తిన గుంట చెయ్యాలి, వడ్డించేవాడు ఆ గుంటలో నెయ్యి పొయ్యాలి. బఫేలో ఎడమ చేత పళ్లెం, కుడి చేత గరిటె. గుంట చేసేదెవరు, నెయ్యి పోసేదెవరు? చల్లారిన బూరె పక్కనున్న సాంబారులోకి జారుకుంటుంది. రకాలు ఎక్కువైతేనే మర్యాద అనే మరో వాదానికీ ఈ పళ్లెమే జవాబు. నలభై రకాలకు అందులో చోటు లేదు, పొట్టలో అసలే లేదు. అయితే నిలబడి తినేందుకు పుట్టిన చాట్ బండికి, దోసె పెనానికి బఫేయే సరి. వాటిని బంతిలో వడ్డిస్తే అదీ అపచారమే. వచ్చేవాళ్లు వందమందేనంటే ఇంత యాతన కూడా అక్కర్లేదు. ఊళ్లో పేరున్న భోజన హోటల్లో ఒక పూట హాలు మాట్లాడుకుంటే చాలు. రోజూ వందలమందికి వండే వంటవాడి చెయ్యి పెళ్లిరోజున వణకదు.

శుభలేఖలోనే ఉండే 'సకుటుంబ సపరివార సమేతంగా' అన్న విశేషణానికి కరోనా కాలం హద్దు పెట్టింది, 2020 మేలో పెళ్లికి 50 మందికి మించకూడదన్నారు. మిగతా కాలమంతా కవి మాటను అక్షరాలా నమ్మి వచ్చేవాళ్లే, వాళ్లందరికీ వండాలి, వడ్డించాలి, చేతులు కడిగించాలి. అంచేత హాలు చూడబోయినప్పుడు స్టేజీ దగ్గర ఆగకండి. మెట్లు దిగి భోజనాల హాల్లోకి వెళ్లండి, చేతులు కడుక్కునే చోట కొళాయి తిప్పండి. నీళ్లొస్తే అడ్వాన్సు ఇవ్వండి.