ఈ సలహాలు ఎవరు చెప్పినా వినొద్దు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో మనిషికి జబ్బు చేస్తే మందుకంటే ముందు సలహా వచ్చి చేరుతుంది. ఇంట్లో అవ్వ ఒకటి చెబుతుంది, పక్కింటి అన్న ఇంకోటి చెబుతాడు, పత్తి చేలో తోటి కూలీలు మరోటి చెబుతారు. అందరూ మేలు కోరేవాళ్లే. అయినా ఆ సలహాల్లో కొన్ని ప్రాణాలు తీస్తున్నాయి. జనం వాటిని నమ్ముతున్నారంటే తెలివి లేక కాదు. తప్పు సలహా గడపలోనే దొరుకుతుంది, పైసా ఖర్చుండదు. సరైన వైద్యం కావాలంటే ఆటో ఎక్కాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి, పెద్ద జబ్బయితే ఆదోని నుంచి దాదాపు వంద కిలోమీటర్లు పోయి కర్నూలు పెద్దాసుపత్రిలో పడుకోవాలి.

కుటుంబ వైద్యుడిగా నేను రోజూ వినే సలహాలను ఇక్కడ గడియారం చూసి వరస పెట్టాను. కొన్ని కష్టాలు నిమిషాలు కూడా ఆగవు. కొన్నింటికి ఆ రోజు దాటకూడదు. కొన్ని నెలలు పడతాయి, కొన్ని ఏళ్ల తరబడి లోపల తింటాయి. ఏది ఎంతసేపు ఆగుతుందో తెలిస్తే ఏ సలహాకు చెవి ఒగ్గకూడదో తెలిసిపోతుంది.

నిమిషాలు కూడా ఆగనివి

"పాము కరిస్తే పైన తాడు బిగించి, మంత్రం వేయించు."

తాడు కట్టుకుని వచ్చిన కాలు చూస్తే గుండె తరుక్కుపోతుంది. మోకాలి కింద పంచె చింపిన పీలిక, దాని మీద మంత్రించిన దారం, దాని కింద పాదం నల్లబడి ఉబ్బిపోయి ఉంటుంది. తాడు విషాన్ని ఆపదు, రక్తాన్ని ఆపుతుంది. రక్తపింజరి కాటుకు అసలే కండ కుళ్లుతుంది, తాడు కడితే కాలే పోవచ్చు. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం కూడా కీడే.

మంత్రానికి తగ్గిందని చెప్పే మాటల్లో అబద్ధం లేకపోవచ్చు. కరిచిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు, విషప్పాము కూడా ప్రతిసారీ విషం ఎక్కించదు. అలాంటి మనిషి మంత్రం వేసినా వేయకపోయినా బతుకుతాడు. విషం ఎక్కిన మనిషికి మాత్రం మంత్రగాడి గడపలో గడిచే గంటే చేటు. మన దగ్గర వాడే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇంకో చిన్నజాతి పింజరి, ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. ఏ పామో చెప్పలేకపోయినా ఫరవాలేదు, దాన్ని చంపి సంచిలో వేసుకురావాల్సిన పని లేదు. ఆసుపత్రిలో శుభ్రమైన గాజుగొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం రక్తంలో ఉన్నట్టే.

చేను దగ్గర నేలమీద పడుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే అది గ్యాస్ కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కరిచిన కాలిని కదపకుండా కర్రతో వదులుగా కట్టండి, మనిషిని నడిపించకుండా మోసుకురండి.

"తేలు కుడితే ఉల్లిగడ్డ రుద్దు, రాత్రికి దిగిపోతుంది."

తేలుతో మన ప్రాంతానికి పాత పరిచయమే. కోడుమూరు కొండమీద కొండలరాయుడికి శ్రావణమాసంలో భక్తులు తేళ్లనే పట్టి సమర్పిస్తారు. ఆ భక్తిని నేను కాదనను. కానీ ఎర్రతేలు పసిబిడ్డను కుట్టినప్పుడు ఆ ధైర్యం పనికిరాదు. కుట్టిన చోట మంట మాత్రమే ఉంటే భయం తక్కువ. బిడ్డకు ఒళ్లంతా చెమట పట్టి, వాంతులై, చేతులూ కాళ్లూ చల్లబడి, ఆయాసం వచ్చిందంటే విషం గుండెమీద పనిచేస్తోందని అర్థం. దీనికి ప్రాజోసిన్ అనే చవక మాత్ర ఉంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ఈ మందు తేలుకాటుకు ఎలా పనిచేస్తుందో చూపించారు. ఎందరో బిడ్డలు దానితో బతికారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మాత్ర వేళకు పడాలంటే బిడ్డ వేళకు ఆసుపత్రికి చేరాలి.

"పురుగుమందు ఒంటికి పట్టిందా, ఉప్పునీళ్లు తాగించి కక్కించు."

పత్తికి మందు కొట్టేటప్పుడు అది ముక్కు నుంచే కాదు, చర్మం నుంచి కూడా లోపలికి పోతుంది. తడిసిన చొక్కాతో సాయంత్రం దాకా పనిచేసినవాడికి నోట్లో నీళ్లూరి, కళ్లు మసకబారి, కండరాలు అదురుతుంటే ముందు ఆ బట్టలు విప్పేయాలి, సబ్బుతో ఒళ్లు కడగాలి. విప్పేవాళ్లు చేతులకు కవర్లు తొడుక్కోవాలి. మందు కడుపులోకి పోయినవాడిని బలవంతంగా కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మందు డబ్బా వెంట తీసుకురండి. దానిమీద పేరు, విషం తీవ్రత చెప్పే రంగు గుర్తు ఉంటాయి. ఎరుపు ఉంటే అన్నిటికంటే ప్రమాదం. ఖాళీ డబ్బాను కడిగి నీళ్లకో నూనెకో వాడుకోవచ్చని ఎవరన్నా చెబితే ఆ మాట అక్కడే ఆపండి. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు.

ఆ రోజు దాటకూడనివి

"కుక్క కరిస్తే కారం అద్దు, బొడ్డు చుట్టూ 14 సూదులు ఎవరు పొడిపించుకుంటారు?"

బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత టీకా తయారీని మన దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పటిది భుజంమీద వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలో వేసే టీకా అయితే మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేసుకోవాలి, డబ్బు కట్టనవసరం లేదు. కారం, సున్నం, ఆకుపసరు పుండును పెంచుతాయేగానీ రేబిస్‌ను ఆపవు. కరిచిన వెంటనే కుళాయి కిందో బోరింగు కిందో పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. సగం పని అక్కడే అవుతుంది. రక్తం వచ్చిన గాటైతే టీకాతోపాటు గాటులోనే వేసే ఇంకో మందు కావాలి, దాన్ని అడిగి వేయించుకోండి. కుక్క మన పెంపుడుదే, చూస్తూ ఉందామని టీకా ఆపొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు.

"దేవుడి గాయానికి బండారు చాలు."

దసరా రాత్రి దేవరగట్టులో మాళమల్లేశ్వరుడి బన్ని ఉత్సవానికి ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని వస్తాయి. తలలు పగిలితే బండారు, అంటే పసుపు, అద్దుకుని మళ్లీ జైత్రయాత్రలో కలుస్తారు. ఉత్సవానికి అక్కడే వైద్య శిబిరం పెడతారు, గాయపడినవాళ్లు ముందు అక్కడికి రావాలి. పుండు కడగాలి, కుట్లు వేయాలి, ధనుర్వాతం సూది పడాలి. ఇంటికి చేరాక కూడా ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, మత్తుగా పడి ఉండటం, ఒక చెయ్యి లాగేయడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలసిపోయి నిద్రపోతున్నాడని వదిలేస్తే మనిషి దక్కడు.

"నీరసంగా ఉంది, ఒక సీసా ఎక్కించుకో."

మా దగ్గర ఎక్కువగా వినపడే మాట ఇదే. సూదీ సీసా లేనిదే వైద్యం కాదనుకుంటారు. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, మిగతాదంతా నీళ్లు. ఒక జొన్నరొట్టెలో అంతకంటే ఎక్కువ శక్తి ఉంది. నోటితో తాగగలిగిన మనిషికి సీసా అక్కర్లేదు. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ తొలి నీరసం ఉంటే ఓఆర్‌ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. రెండూ చిన్న చెంచాతో తలకొట్టి కొలవండి. ఎండలో పడిపోయి, ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడేవాడికి మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు చల్లి, విసురుతూ 108 పిలవండి. నెలల తరబడి నీరసం పోకపోతే సీసాలు మార్చడం కాదు, రక్తం ఎంతుందో, సుగర్ ఎంతుందో చూపించుకోవాలి.

నెలలు పట్టేవి

"సుగ్గికి పోతున్నావు కదా, మందులు వచ్చాక వేసుకోవచ్చులే."

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయ కోతలకు, పత్తి ఏరడానికి సుగ్గికి కదులుతాయి. మూటలో బియ్యం, గిన్నెలు, పిల్లలు ఉంటారు. టీబీ మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి. మామూలు టీబీకి ఆరు నెలల మందు. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బాగైపోయామనిపిస్తుంది. మందు ఆపేది అప్పుడే, జబ్బు మొండికెత్తేదీ అప్పుడే. మళ్లీ వచ్చే టీబీకి పాత మందులు పనిచేయకపోవచ్చు. అదే గుడిసెలో పడుకునే పిల్లలకూ అది అంటుకుంటుంది.

ఊరు మారితే మందు ఆపనక్కర్లేదు. టీబీ రోగికి ఇచ్చే నిక్షయ్ నంబరు దేశమంతా చెల్లుతుంది. పోయేముందు ఆశా కార్యకర్తకు చెబితే పోయిన చోటే మందులు అందేలా చూస్తారు. మందుకు డబ్బు కట్టనక్కర్లేదు, పైగా తిండికోసం 2024 నవంబర్ నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తున్నారు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్లె పరీక్ష చేయించండి.

బీపీ మాత్రల సంగతీ ఇంతే. "తలనొప్పి లేదు కదా, మాత్ర ఎందుకు?" అంటారు. బీపీకి చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. మాత్ర వేసుకుంటున్నందువల్లే అంకె బాగుంటుంది. ఆపితే మూతి వంకరపోయిన రోజు తెలుస్తుంది.

ఏళ్ల తరబడి తినేవి

"బెల్లం ముక్క నములు, దూది దుమ్ము కడుక్కుపోతుంది."

ఆదోని పత్తి మార్కెట్ మీద, జిన్నింగ్ మిల్లుల మీద ఎన్ని ఇళ్లు బతుకుతున్నాయో అందరికీ తెలుసు. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండూ ఎక్కడా కలవవు. దూది దుమ్ముతో వచ్చే జబ్బును బైసినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటిరోజు ఛాతీ పట్టేసినట్టు ఉండి, వారం గడిచేకొద్దీ తగ్గడం దాని తొలి గుర్తు. అలవాటైపోయిందని సంతోషించొద్దు. ఆ దశలో దుమ్ముకు దూరమైతే మనిషి కోలుకుంటాడు, ఏళ్లు గడిస్తే ఆయాసం శాశ్వతమవుతుంది. ముక్కుకు చుట్టిన తువ్వాలు సన్నటి దుమ్మును ఆపదు, ముఖానికి బిగుతుగా ఆనే మాస్క్ కావాలి. ఇది చట్టం గుర్తించిన వృత్తివ్యాధి. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్లు డాక్టరుకు తమ పనేమిటో చెప్పి రాయించుకోవాలి.

"జొన్నరొట్టె, ఉగ్గాని ఎంత తిన్నా సుగర్ పెరగదు."

జొన్నరొట్టె మంచిదే, కానీ అదీ పిండిపదార్థమే. నాలుగు తింటే నాలుగింటి సుగరూ పెరుగుతుంది. ఉగ్గానిలో బొరుగులు తేలిగ్గా ఉంటాయి కాబట్టి మేలనుకుంటారు, అవి అన్నం కంటే నిదానంగా ఏమీ అరగవు. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, దానికి రెట్టింపు కూరగాయలు, ఇదీ లెక్క. పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన ఉంటే, రెండోసారి పరీక్షలోనూ అలాగే ఉంటే సుగర్ జబ్బే. ఎమ్మిగనూరులో, 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఆ ఊళ్లో, గుంటమగ్గం మీద కూర్చునే అన్నలకు ఒక మాట. మీ పాదాలు రోజంతా గుంటలోనే ఉంటాయి, మీకు కనపడవు. సుగర్ ఉన్న కాలికి స్పర్శ తగ్గుతుంది, తొక్కుడుచెక్క ఒరుసుకుని బొబ్బ లేచినా నొప్పి తెలియదు. రోజూ రాత్రి అరికాలు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవాళ్లతో చూపించుకోండి. చిన్న పుండుకే రావాలి, వాసన వచ్చేదాకా ఆగితే కాలు తీసేయాల్సి వస్తుంది.

సలహా చెప్పే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ మాటకు ఊళ్లో విలువుంది. డాక్టరు మాట విననివాడు మీ మాట వింటాడు. రోగి భయపడేది రోగానికే కాదు, ఒంటరిగా ఆసుపత్రి మెట్లెక్కి, ఎవరిని అడగాలో తెలియక నిలబడటానికి కూడా. పాము కరిచిన ఇంటికి పోతే "మంత్రగాడిని పిలవండి" అనకుండా "బండి తీయండి, నేనూ వస్తా" అనండి. సుగ్గికి పోయే కుటుంబం మూట కడుతుంటే మందుల సంచి అడిగి ముందు అది పెట్టించండి. ఆ పూట మీ పని ఆగుతుంది, ఆ ఇంట్లో మనిషి నిలబడతాడు.