మలాకీకి నాలుగు అధ్యాయాలున్నాయి

బోధను వాక్యంతో పరీక్షించే పని మన క్రైస్తవ సంఘాల్లో చురుగ్గానే సాగుతోంది. బాప్తిస్మంలో నీళ్లు చిలకరించేవారి బోధను నీళ్లలో ముంచేవారు పరీక్షిస్తారు. ఆదివారం ఆరాధించేవారిని శనివారంవారు పరీక్షిస్తారు. అన్యభాషల్లో మాట్లాడేవారిని మాట్లాడనివారు పరీక్షిస్తారు. ఇంత పరీక్షలోనూ సొంత బోధను వాక్యం ముందు నిలబెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ప్రశ్నపత్రం మనదే, దిద్దేదీ మనమే, తప్పేది మాత్రం పక్కవీధి మందిరం.

ఈ తెగులు పాతదే. లేఖనమే ప్రమాణమంటూ పోపుతో తెగదెంపులు చేసుకున్న జ్యూరిక్ నగరం, పసిపిల్లల బాప్తిస్మం లేఖనంలో ఎక్కడుందని అడిగిన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో లిమ్మత్ నదిలో ముంచి చంపింది. జవాబు దొరకలేదు గానీ నది దొరికింది. మన దైవజనులు అంత కఠినులు కారు. మహా అయితే ప్రశ్న అడిగినవాడి ఇంట్లో పెళ్లికి పాస్టరుగారికి తీరిక ఉండదు.

సరే, పక్కవాళ్ల జోలికి పోవద్దు. ఎన్ని శాఖలున్నా చాలామందిని కలిపే బోధ ఒకటుంది: దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు సంఘానికి ఇవ్వడం. దాన్నే పరీక్షిద్దాం. ఆధారం, పదోవంతంతా మందిరానికి తెమ్మనే మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం. ఆదికాండం ఎన్ని అధ్యాయాలో తెలియని విశ్వాసికి కూడా ఇది నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయితే మలాకీకి నాలుగు అధ్యాయాలున్నాయి. మొదటి రెండింటిలో ప్రవక్త నిలదీసింది యాజకుల్ని. గుడ్డి పశువుల్నీ కుంటివాటినీ బలిపీఠం మీదికి తెచ్చారని, ధర్మశాస్త్రం చెప్పడంలో పక్షపాతం చూపారని కడిగేశాడు. ఆ పేజీలు ఇంకా పెళపెళలాడుతూనే ఉన్నాయి. మూడో అధ్యాయం పేజీకి మాత్రం అంచులు నలిగిపోయాయి.

ఇంకాస్త వెనక్కి వెళ్లి ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం తెరవండి. పంటలో పదోవంతును తెచ్చినవాడే ఇంటిల్లిపాదితో దేవుని సన్నిధిలో తిని సంతోషించాలట. దారి దూరమైతే దాన్ని అమ్మి, ఆ డబ్బుతో మనసుకు నచ్చిన ఎడ్లో గొర్రెలో ద్రాక్షారసమో కొనుక్కోవాలట. ఈ వచనం మీద ఒక్క ప్రసంగమైనా విన్నారా? మూడేళ్లకోసారి ఆ పదోవంతు మందిర సేవ చేసే లేవీయుడికీ, పరదేశికీ, తండ్రిలేనివాడికీ, విధవరాలికీ కడుపు నింపాలని కూడా అక్కడే ఉంది. ఈ నలుగురిలో లేవీయుడి వాటా మాత్రం ఎవరూ మరచిపోలేదు. విధవరాలూ వస్తోంది పాపం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే 4000 రూపాయల పింఛనులో 400 కవరులో పెట్టుకుని. పుచ్చుకోవలసినామె ఇచ్చుకుంటోంది. ఇక లేవీయులు తమకొచ్చిన దాంట్లో పదోవంతు తామూ తీసి ఇవ్వాలని సంఖ్యాకాండం 18వ అధ్యాయం చెబుతోంది. ఆ లెక్క ఏ సంఘంలో చదివి వినిపిస్తున్నారో కాస్త చెప్పండి, మేమూ అక్కడే చేరతాం.

ఈపాటికి 105వ కీర్తన మీదికి దూసుకొస్తుంది: అభిషిక్తుల్ని ముట్టకూడదు! తప్పకుండా. ఆ కీర్తనలో అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. సొంత నేల లేక దేశం నుంచి దేశానికి తిరిగిన కొద్దిమంది. వాళ్ల జోలికి రావద్దని దేవుడు గద్దించింది రాజుల్ని. ఇప్పుడు వేదికమీది సింహాసనంలో కూర్చున్నవారు అదే మాటను కింద చాపమీద కూర్చున్నవారి మీదికి విసురుతున్నారు.

వచనం చెప్పినంత మాత్రాన బోధ నిజమైపోదు. మత్తయి 4వ అధ్యాయంలో సాతాను కూడా 91వ కీర్తన అప్పజెప్పాడు. కావలసిన ముక్క కోసుకుని, మిగతాది వదిలేసి.

బెరయ పట్టణస్థులు ఏకంగా పౌలు బోధనే రోజూ లేఖనాలతో సరిచూశారు. వారిని ఘనులని రాసింది అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం. పౌలు కోప్పడలేదు, శపించలేదు, అభిషేకం అడ్డం పెట్టుకోలేదు. పౌలు తట్టుకున్న పరీక్షను తట్టుకోలేని బోధకుడికి భయం దేవుడంటే కాదు, చదవడం వచ్చిన విశ్వాసి అంటే. కాబట్టి కవరు అంటించే ముందు అధ్యాయమంతా చదవండి. చదివాక కూడా ఇవ్వాలనిపిస్తే, ఆ విధవరాలి ఇల్లెక్కడో మీకు తెలుసు.