అందరి మాటా విన్న మహానుభావుడు

జనం మాట వినే పాలకుడు దొరకడం లేదని మనం వాపోతుంటాం. అర్జీ పెట్టుకుంటే చదవరు, ఫోన్ చేస్తే ఎత్తరు, ఉత్తరం రాస్తే జవాబుండదు. అలా నిట్టూర్చేవాళ్ళు ఒక్కసారి తూర్పు జర్మనీ రాజ్య భద్రతా మంత్రి ఎరిక్ మీల్కె గారి జీవితం వైపు చూడాలి. జనం వచ్చి అర్జీ పెట్టుకునేదాకా ఆయన ఆగలేదు. పడగ్గదిలో గుసగుసలాడుకున్నా విన్నారు. ఉత్తరాన్ని అది చేరవలసినవాడి కంటే ముందే చదివారు; ఆవిరి పట్టి విప్పి, చదివి, నలగకుండా మళ్ళీ అంటించి పంపించారు. అంత ఓపిక ఇవాళ ఏ తపాలా శాఖకుంది? గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఊరికే అని వదిలేశారు. ఆయన ఆ సామెతకో మంత్రిత్వ శాఖ పెట్టి, నెలనెలా జీతాలిచ్చారు.

స్టాసీ అనే ఆ శాఖ 1950లో పుట్టింది. మొదటి ఇద్దరు అధిపతులూ మూడునాలుగేళ్ళకే దిగిపోయారు. 1957లో పీఠమెక్కిన మీల్కె గారు 1989 దాకా, అంటే 32 ఏళ్ళు, కదల్లేదు. ఉద్యోగాలు లేవని ఏ యువకుడూ బాధపడకూడదన్న సదుద్దేశంతో కాబోలు, చివరికి 91 వేలమందిని కొలువులో పెట్టుకున్నారు. ఇరుగూ పొరుగూ, తోటి ఉద్యోగీ, చర్చి మిత్రుడూ కలిసి మరో 1,89,000 మంది చాటుగా సేవ చేశారు. దేశ జనాభా కోటీ అరవై నాలుగు లక్షలు. దాదాపు అరవైమందికి ఒకరు. మన పెళ్ళి భోజనాల లెక్కలో బంతికొకడన్నమాట.

మా ఆయన నా మాట వినిపించుకోడు అనని ఇల్లాలు ఉండదు. ఆ దేశంలో ఒక పేరున్న ఉద్యమకారిణికి మాత్రం ఆ లోటు లేకపోయింది. ఆమె చెప్పిందంతా భర్త శ్రద్ధగా విన్నాడు, గుర్తుంచుకున్నాడు, స్టాసీకి అందజేశాడు. అంత ఏకాగ్రతతో తన మాటలు వింటున్నాడని పాపం ఆమెకు ఫైళ్ళు తెరిచేదాకా తెలియదు.

చెవితో సరిపెట్టుకుంటే ఆయన గొప్పేముంది? విచారణకు పిలిచిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కింద ఓ గుడ్డ పరిచేవారు. మనిషి లేచి వెళ్ళాక ఆ గుడ్డను ఆవకాయ సీసాలాంటి గాజు సీసాలో పెట్టి, గట్టిగా మూతబెట్టి, పేరు రాసి దాచేవారు. ఎప్పుడైనా అవసరమైతే కుక్కకు చూపించడానికి. చిత్రగుప్తుడంతటివాడు కూడా పాపపుణ్యాలే రాసుకుంటాడు గానీ చెమట వాసన దాచుకున్నట్టు ఏ పురాణంలోనూ లేదు.

ఇక ఆయన మనసు ఎంత సున్నితమో చెప్పాలి. కొట్టడం, తన్నడం మొరటు పని. అందుకే 1976లో ఒక ఆదేశం వెలువరించారు. ఎదురు తిరిగినవాణ్ణి పట్టుకుని జైల్లో పెట్టి వీరుణ్ణి చెయ్యనక్కర్లేదు. వాడి ఉద్యోగంలో చిక్కులు రావాలి, వాడి మీద ఒక పుకారు పుట్టాలి, స్నేహితులు ఒక్కొక్కరూ తప్పుకోవాలి, కాపురంలో అనుమానం మొలవాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు లోపలికి వెళ్ళి వస్తువులు కాస్త అటూ ఇటూ జరిపి వచ్చేవారు కూడా. దొంగతనం కాదు, ఒక్క చెంచా పోలేదు! ఇంటాయన మాత్రం తనకే మతి తప్పుతోందని అనుకోవాలి. దెబ్బ కనిపించదు, రక్తం కారదు. అహింస అంటే ఇదేనని ఎవరైనా పొరబడితే తప్పు వాళ్ళది కాదు.

జైలుకు తీసుకెళ్ళక తప్పనివాళ్ళకూ లోటు చెయ్యలేదు. చేపలమ్మే బండి వేషం వేసిన వ్యానులో, కిటికీ లేకుండా, ఎండ తగలకుండా తీసుకెళ్ళేవారు. బెర్లిన్‌లోని ఆ హోహెన్‌షోన్‌హౌసెన్ జైలు అప్పటి నగర పటంలో కనబడేది కాదు. అతిథుల ఏకాంతానికి భంగం కలగకూడదుగా. రాత్రి వెల్లకిలా, చేతులు దుప్పటి పైన పెట్టి పడుకోవాలి. కొద్ది నిమిషాలకోసారి లైటు వేసి క్షేమంగా ఉన్నారా లేదా అని చూసేవారు. కన్నతల్లి కూడా అన్నిసార్లు లేచి చూడదు.

ఆయన అభిమానించిన బెర్లిన్ ఫుట్‌బాల్ జట్టు, డైనమో, 1979 నుంచి వరసగా పది సార్లు లీగ్ గెలిచింది. రిఫరీల చూపు అంత చక్కగా ఉండటం ఆరోగ్య శాఖ ఘనత కావచ్చు. ఆయన ఫలహారానికి గుడ్లు నాలుగున్నర నిమిషాలే ఉడకాలని కార్యదర్శి కార్డు రాసిపెట్టుకుంది. ఆ కార్డు ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

ఇంత విన్న మనిషికి ఒక్క చిన్న లోపం. విన్నారు గానీ వినిపించుకోలేదు. జనం విసిగిపోయారని ఆయన మనుషులే కట్టలు కట్టలు రాసి పంపారు. 1989 ఆగస్టు చివర్లో అధికారులను పిలిచి, రేపు మళ్ళీ జూన్ 17 వస్తుందా అని అడిగారు. 1953లో కార్మికులు తిరగబడిన రోజది. రాదు, అందుకేగా మేమున్నది అని ఒక అధికారి ధైర్యం చెప్పాడు. పది వారాలకు బెర్లిన్ గోడ కూలింది.

అదే ఏడాది నవంబరు 13న పార్లమెంటులో, టీవీలో దేశమంతా చూస్తుండగా, ఆయన మొదటిసారి మనసు విప్పారు. సభ్యులను కామ్రేడ్స్ అని పిలిస్తే, ఇక్కడున్నవాళ్ళంతా కామ్రేడ్స్ కారని ఎవరో అడ్డుపడ్డారు. తడబడి, నేను అందర్నీ, మనుషులందర్నీ ప్రేమిస్తున్నాను అన్నారు. సభ నవ్వింది. ముప్ఫై రెండేళ్ళలో రికార్డు చేసిన అన్ని గొంతుల్లో అంత పెద్ద నవ్వు ఆయన చెవిన పడి ఉండదు.

ఆ తరవాత కోర్టు. గోడ దాటబోయినవాళ్ళను కాల్చి చంపిన కేసులో ఆయన ఆరోగ్యం బాగాలేదని విచారణ ఆపేశారు. శిక్ష పడింది మాత్రం 1931 ఆగస్టులో బెర్లిన్‌లోని ఒక కూడలిలో ఇద్దరు పోలీసు అధికారులను కాల్చి చంపినందుకు. కుర్రతనంలో ఆ పని చేసి మాస్కో పారిపోయారు. అరవై రెండేళ్ళు గడిచాక 1993లో ఆరేళ్ళ జైలు. సాక్ష్యమెక్కడిదంటారా? ఆ పాత కేసు కాగితాలు ఆయన సొంత బీరువాలోనే దొరికాయి. ఎవరి ఫైలునూ పారెయ్యని మనిషి, తన ఫైలు మాత్రం ఎందుకు పారేస్తారు?

వయసు మీదపడి 1995లో విడుదలయ్యాక హోహెన్‌షోన్‌హౌసెన్‌లోనే రెండు గదుల ఇంట్లో ఉన్నారు. నగర పటంలో ఆ పేట ఖాళీలన్నీ అప్పటికి పూడ్చేశారు. 2000 మేలో, 92 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన వదిలివెళ్ళిన ఫైళ్ళు పక్కపక్కన పేరిస్తే 111 కిలోమీటర్లు. పేర్ల కార్డులు 3 కోట్ల 90 లక్షలు, దేశంలో తలా రెండు పంచినా ఇంకా మిగిలేటన్ని. ఫ్రీడ్రిక్స్‌ఫెల్డే శ్మశానంలో ఆయనను పెట్టిన చోట మాత్రం పేరు లేదు.