ఓవరాక్షన్‌కి కాంటా ఎక్కడ?

దామరచర్ల వైపు వడ్ల కొనుగోలు కేంద్రంలో అన్నిటికీ కొలతలున్నాయి. తేమకు మిషన్ ఉంది, 17 శాతం దాటితే వడ్లు మళ్లీ ఆరబోయాల్సిందే. బరువుకు కాంటా ఉంది. రైతు గొంతుకే ఏ మిషనూ లేదు. తరుగు ఎందుకు తీస్తున్నారని కాస్త గట్టిగా అడిగితే చాలు, ‘ఓవరాక్షన్ చెయ్యకు’ అని అక్కడికక్కడే తీర్పు. అదే ఇంట్లో కన్నీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లకైతే ‘మహానటి’ బిరుదు. జనం సావిత్రికి ప్రేమతో ఇచ్చుకున్న బిరుదు, పాపం, ఇలా అరిగిపోతోంది. పప్పులో ఉప్పు తగ్గిందని కంచం విసిరికొట్టిన మగాడు మాత్రం నటుడు కాడు, ‘కోపిష్టే గానీ మనసు వెన్న’. ఎంత అరిచారన్నది ఎవరూ చూడరు, అరిచిందెవరన్నదే లెక్క.

నమ్మకపోతే 1996 నాటి నల్లగొండ చూడండి. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఎవరికీ పట్టకపోయేసరికి ఆ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. మెల్లగా వినతిపత్రం ఇవ్వొచ్చు కదా అంటారా? ఇచ్చీ ఇచ్చీ విసిగాకే నామినేషన్లు వేశారు. ఇలాంటి చోట్లను చూసి ఢిల్లీ అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. నీళ్ల సంగతి తర్వాత, ముందు అరుపు రేటు ఇరవై రెట్లు! దీన్ని ఎన్నికల సంస్కరణ అనాలి, ఓవరాక్షన్ అనకూడదు. వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు సంగతీ అంతే. బూడిద గురించి ఊళ్లో వాళ్లు దిగులుపడితే అతి. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునలే పర్యావరణ అనుమతిని పక్కనపెట్టి మళ్లీ అధ్యయనం చేయమంటే అది న్యాయ పరిశీలన.

అయితే నిజంగా అతి చేసేవాళ్లే లేరా? బోలెడుమంది. మైకు కనపడగానే కండువాతో కళ్లొత్తుకునే నాయకుల్ని రోజూ చూస్తున్నాం. 2023లో నిజామాబాద్‌లో ఓ నిశ్చితార్థం విందులో నల్లి బొక్క వడ్డించలేదన్న గొడవ ముదిరి పెళ్లే ఆగిపోయిందని పేపర్లన్నీ రాశాయి. మూలుగ కోసం ముహూర్తం వదులుకోవడం అతి కాకపోతే మరేమిటి? కానీ మగపెళ్లివారి నోట అది మర్యాద సమస్య. వాళ్లను మహానటులని ఎవరంటారు? అల్లుడి అలక కోసం ప్రత్యేకంగా ఒక పాన్పే కనిపెట్టి, దాని మీద కూర్చోబెట్టి, అడిగింది చేతిలో పెట్టేదాకా బతిమాలే జాతి మనది.